లైటు లేని బండి

పోయిన వేసవిలో వేట ఆపేసిన ఆరో రోజున మా అబ్బాయి ఉమామహేషు తన బండిని ఎవరికో ఇచ్చేసి, లైటు లేని బండి ఒకటి ఇంటికి తెచ్చాడు.

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు ఆపేస్తుంది. ఆ రెండు నెలలూ మా జాలరిపేటలో మగాళ్లంతా ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పుతారు, పేకాడతారు, పెళ్లాల మీద అరుస్తారు. మిగతా ఆడవాళ్లు ఎప్పుడు వేట మొదలవుతుందా అని చూస్తారు గానీ, నాకు మాత్రం ఏడాదిలో కంటినిండా నిద్ర పట్టే రోజులు అవే. మా ఆయన గవర్రాజు నీళ్ల మీద కాకుండా నేల మీద ఉంటాడు కదా.

అయితే భయపడే మనిషికి భయం ఖాళీగా ఉండదు. ఆ రోజుల్లో అదంతా మావాడి బండి మీదకు పోయేది. పోర్టులో ఫోర్కులిఫ్టు నడిపే పని దొరికాక వాడు తన కష్టంతో కొనుక్కున్న మొదటి బండి అది. ఎర్రటిది. ముందుకు వంగి, పొట్టను ట్యాంకుకు ఆనించి తోలే స్పోర్ట్సు బండి. ఆదివారం తెల్లవారగానే స్నేహితులతో భీమిలి రోడ్డెక్కేవాడు. వాడు తిరిగొచ్చేదాకా నేను ఎండు చేపల బుట్ట ముందు కూర్చుని, అంబులెన్సు కూత వినపడితే అది ఎటు నుంచి ఎటు పోతోందో చెవులు రిక్కించి వినేదాన్ని. భీమిలి వైపు నుంచి పెద్దాసుపత్రి వైపు పోతే బుట్ట వదిలేసి రోడ్డు దాకా పోయి నిలబడేదాన్ని. ఫోను చేస్తే బండి మీదుండి ఎత్తుతాడేమోనని ఒక భయం, చేయకపోతే ఇంకో భయం. నేను ఆరో తరగతి దాకా చదివాను. ఆ చదువంతా పేపర్లో జిల్లా పేజీ తీసి, ఎక్కడ ఏ బండి పడిందో, పడినవాడి వయసెంతో చూసుకోవడానికే పనికొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఐసు పెట్టెలు మోసే లగేజీ ఆటో వెనక్కి వెనక్కి వచ్చి మా సందులో ఆగింది. అందులో తాళ్లతో కట్టిన బండి. పొడుగ్గా, సన్నగా, ముందు మడ్‌గార్డు కొంగ ముక్కులా పొడుచుకొచ్చి ఉంది. దాని పక్కన మావాడు నిలబడి నవ్వుతున్నాడు. ఆటో వెనకాలే వాడి ఎర్ర బండి మీద ఒక ఆడపిల్ల వచ్చి ఆగింది.

"ఏట్రా ఇది?" అన్నాను.

"సూపర్‌మోటో అమ్మా. మట్టిలో తోలే బండికి రోడ్డు టైర్లు ఏత్తారు. ట్రాకు మీద తోల్తారు."

"లైటేదిరా?"

"నేదు."

"అద్దాలు?"

"నేవు."

"హారను? నెంబరు పలక?"

"అయ్యీ నేవమ్మా."

"అన్నీ ఊడిపోనాయా, ఆళ్లే పీకేసినారా?"

అరుగు మీద వల కుడుతున్న మా ఆయన పగలబడి నవ్వాడు. "ఒలే కాంతం, పడవకి అద్దాలున్నాయేటి? హారనున్నాదేటి? ఇరవయ్యేళ్లు తోల్లేదా నాను?"

"అందుకే గదా ఇరవయ్యేళ్లు నాను పడుకోనేదు."

ఆ పిల్ల హెల్మెట్టు తీసి నమస్కారం పెట్టింది. పేరు ఇంద్రజ. గోదావరి జిల్లా నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లట. ఒక బండ్ల షోరూములో సర్వీసు పని చూస్తుందట. "డ్యూటీకి వెళ్లడానికి నాకు రోడ్డు బండి కావాలండి ఆంటీ. దీన్ని రోడ్డెక్కించకూడదు కదండి. అందుకని బండికి బండి మార్చేసుకున్నాం" అంది.

"ఆడపిల్లవి, దీన్ని నువ్వు తోలేదానివా?"

"రెండేళ్లు తోలానండి. ఆరుసార్లు పడ్డాను కూడా." బస్సు మారానన్నంత తేలిగ్గా చెప్పింది. అప్పుడే ఆ పిల్లంటే నాకు గిట్టలేదు.

బండి దించాక వాడికేవో జాగ్రత్తలు చెప్పింది. "మహేష్, ట్రాకు బండి బ్రేకు వేడెక్కేదాకా సరిగ్గా పట్టదు. మొదటి రౌండ్లు మెల్లగా తోలు" అంది. నా చెవిలో మాత్రం బ్రేకు పట్టదు అన్న ముక్కే పడింది.

ఆ పిల్ల వెళ్లిపోయాక వాడు నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఇది గేటు దాటి రోడ్డెక్కదు. ఆనందపురం అవతల చిన్న కార్లు తోలే ట్రాకున్నాది. నెలకి రెండు ఆదివారాలు అక్కడే. భీమిలి రోడ్డు నేదు, లారీల్నేవు. డ్యూటీకి బస్సులో ఎల్తాను. నీకదే గదా గావాల? నీకోసమే మార్సాను."

"నాకోసమైతే సైకిలు తేవాల్సింది" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

*

మా పేటలో ఇనుముకు బతుకు తక్కువ. ఉప్పుగాలి రెండు రోజుల్లో మేకును ఎర్రగా చేసేస్తుంది. చెక్క తెప్పల కాలంలో మా అత్త సొర చేప కాలేయం కాచి నూనె తీసి, తెప్పకంతా పట్టించేది. ఫైబరు పడవలొచ్చాక చెక్కకు రాసే పని పోయింది. వేట లేని రోజుల్లో లంగరుకూ గొలుసుకూ ఇంజను బోల్టులకూ ఆ నూనె పట్టించి గోనె కప్పడం మాత్రం పోలేదు. ఆ పని ఆడవాళ్లదే. మా ఇంట్లో కిటికీ గట్టు మీద సొరనూనె డబ్బా ఎప్పుడూ ఉంటుంది. కొత్తవాళ్లు వస్తే ముక్కు మూసుకుంటారు. మాకు అది వాసనే కాదు.

మే నెల మొదటి ఆదివారం వాడు ట్రాకుకు వెళ్లాలి. శనివారం మధ్యాహ్నం వాడు డ్యూటీలో ఉండగా, నేను రేకుల షెడ్డులో కూర్చుని లంగరుకు నూనె రాశాను. పని అయ్యాక గుడ్డలో ఇంకా నూనె మిగిలింది. పక్కనే బండి. పదిహేను రోజులుగా ఉప్పుగాలిలో ఉంది, ఎవరూ ఒక చుక్క నూనె రాసినవాళ్లు లేరు.

గొలుసుతో మొదలుపెట్టాను. బోల్టులకు రాశాను. ముందు చక్రం పక్కన, పళ్లెమంత గుండ్రటి ఇనప బిళ్ల ఒకటి చిల్లులు చిల్లులుగా ఉంది. రంగన్నది లేకుండా తళతళా మెరుస్తోంది. అయ్యో, ముందు తుప్పు పట్టేది ఇదే కదా అనుకున్నాను. దానికి రెండు పూతలు పట్టించాను. జిడ్డు కనపడితే వాడు కసురుకుంటాడని పొడిగుడ్డతో పైపైన తుడిచాను. చేతులు ఆ పని చేస్తుంటే నోరు గంగమ్మ తల్లికి మొక్కుతూనే ఉంది.

*

ఆదివారం పదకొండు గంటలకు ఫోను మోగింది. ఇంద్రజ.

"ఆంటీ, మహేష్ పడ్డాడండి. మాట్లాడుతున్నాడు. కంగారు పడకండి, ఆసుపత్రికి తీసుకొస్తున్నాం."

ఇన్నేళ్లు ఎదురుచూసిన ఫోను అది. తీరా వచ్చాక ఏడుపు రాలేదు. చెప్పుల కోసం వెతికాను. ఎడమ చెప్పు తొడిగిన కాలికే కుడి చెప్పు తొడగబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

కుడి భుజం దగ్గర కాలరు ఎముక విరిగింది. రెండు పక్కటెముకలు చిట్లాయి. హెల్మెట్టు మీద అడ్డంగా పగులు. ఆ పగులు కింద ఉండాల్సిన తల బాగానే ఉంది, నన్ను చూసి నవ్వబోయింది కూడా.

"బ్రేకు పట్టనేదమ్మా" అన్నాడు. "మొదటి రౌండులో నొక్కితే జారినట్టున్నాది. ఏడెక్కనేదు గావాల అనుకున్నాను. రెండో రౌండులో తిన్నటి రోడ్డయిపోయిన కాడ గట్టిగా నొక్కినాను. నేదు. టైర్ల గోడకెల్లి గుద్దేసినాను."

"ఆ గుంట బ్రేకుల్నేని బండి అంటగట్టినాది!" మా ఆయన ఆసుపత్రి వరండాలోనే అరిచాడు. ఇంద్రజ గోడకు ఆనుకుని తల దించుకుంది. నాకూ ఆ పిల్లను నాలుగు కడిగేయాలనిపించింది. కడిగేశాను కూడా. ఏమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

*

మూడో రోజు వాడిని ఇంటికి తెచ్చాం. ఆ సాయంత్రమే ఇంద్రజ బండిని లగేజీ ఆటోలో తీసుకొచ్చింది. షెడ్డు ముందు దించి, పనిముట్ల సంచి విప్పి కూర్చుంది. మా ఆయన ఎదురుగా పీట వేసుకున్నాడు. వాడు గుమ్మం లోపల మంచం మీద, చెయ్యి మెడకు వేలాడేసుకుని చూస్తున్నాడు.

"ఏది, సూపించు. నీ బ్రేకెలాగ ఆగుతాదో" అన్నాడు మా ఆయన.

"ఈ బిళ్ల ఉంది కదండి, చక్రంతో పాటు తిరుగుద్ది. ఈ రెండు పలకలు దీన్ని చెరో పక్కనుంచి గట్టిగా పట్టుకుంటాయండి. ఆ రాపిడికే బండి ఆగేది."

నేను గుమ్మంలో మంచినీళ్ల చెంబుతో నిలబడ్డాను. పట్టుకుంటాయి అన్న మాట దగ్గర చెంబు ఒరిగిపోయింది. చెంబులో నీళ్లు పాదాల మీద పడ్డాయి.

ఆ పిల్ల రెండు పలకల్నీ ఊడదీసింది. బొటనవేలితో రుద్దింది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకుని, అలాగే ఆగిపోయింది. తర్వాత తలెత్తి గోనె కింది లంగరును చూసింది. కిటికీ గట్టు మీది డబ్బాను చూసింది. ఆఖరికి నన్ను చూసింది.

నా ముఖంలో ఏం కనపడిందో నాకు తెలియదు.

"ప్యాడ్లు అరిగిపోయాయండి అంకుల్" అంది, వాటిని జేబులో వేసుకుంటూ. "నేను చూసి ఇవ్వాల్సింది. నాదే తప్పు."

"అదిగో! దాని నోటితో అదే ఒప్పేసుకున్నాది!" మా ఆయన పీట మీంచి లేచాడు. "పగలంతా షోరూములో ఊరోళ్ల బండ్లు బాగుసేసే గుంటవి, నా కొడుక్కి అరిగిపోయిన బ్రేకిత్తావా? రేపే ఆ షోరూముకొచ్చి అడుగుతాను, ఇదేనా మీ పనని. నీ బండి నువ్వు తీసుకెల్లిపో. మా బండి మాకు తెచ్చీ."

"రేపు పొద్దున్నే తెస్తానండి."

మంచం మీంచి మావాడు అన్నాడు: "నాను నిన్ను నమ్మినాను ఇంద్రజా." అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆ పిల్ల సంచి సర్దుకుంది.

ఇంద్రజ వెళ్లిపోయింది. పక్కింటి అసిరమ్మ వచ్చి, "ఆ గుంటనొదలకండి" అని చెప్పి పోయింది. నేను అన్నం వండాను. చారు కాచాను. ఆలోచిస్తే, నేను కోరుకున్నవన్నీ ఒక్క రోజులో జరిగిపోయాయి. ఆ బండి పోతోంది. ఆ పిల్ల పోతోంది. తప్పు నెత్తిన వేసుకునే మనిషి తనంతట తానే దొరికింది. నేను చేయాల్సింది నోరు మూసుకోవడం ఒక్కటే. ఎర్ర బండి మళ్లీ వస్తుంది, దాంతో భీమిలి రోడ్డూ వస్తుంది, పోనీ, ఆ భయమైతే నాకు అలవాటైనదే. ఇలా లెక్క చూసుకున్నాను. చూసుకుని, చారులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక రెండోసారి వేశాను. తండ్రీ కొడుకులు నోట్లో పెట్టుకోలేకపోయారు. పాపం బెంగపెట్టుకుంది అనుకున్నారు.

*

తెల్లారి ఎనిమిది గంటలకు ఇంద్రజ ఎర్ర బండి మీద వచ్చి, తాళం చెవి మా ఆయన చేతిలో పెట్టింది. వెనకాలే వచ్చిన లగేజీ ఆటో డ్రైవరూ మా ఆయనా కలిసి ఆ పొడుగు బండిని ఎత్తారు. ముందు చక్రం ఆటోలోకి ఎక్కింది.

"దించండి" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. సందులోకి దిగి ఆటో తలుపు పట్టుకున్నాను.

"దించమన్నాను. ఆ బండికి నూనె రాసింది నానే. ఆ ఇనప బిళ్లకి రెండు పూతలేసాను. ఆ గుంట తప్పేటీ నేదు."

"ఏటే, పిచ్చిగాని పట్టినాదేటి?" అన్నాడు మా ఆయన.

"ఆంటీ, ఊరుకోండి, పర్లేదండి" అంది ఇంద్రజ.

"నీకు తెల్సు గదమ్మా. వాసన సూసినావు. సూసి నన్ను సూసినావు. మరెందుకు నీ మీదేసుకున్నావు?"

ఆ పిల్ల నాకు దగ్గరగా వచ్చింది. "మీరు తెలీక చేశారని అర్థమైందండి. మీవాళ్లందరి ముందూ చెప్పడానికి నాకు నోరు రాలేదు" అంది.

గుమ్మంలో మావాడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

"రాసినప్పుడు తెల్సా నీకు?" అని అడిగాడు.

"తెల్దురా. మెరిసిపోతన్నాది, ఇదే ముందు తుప్పడతాదనుకున్నాను."

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. అదీ నిజమే. కానీ నిజం అంతా అది కాదు. "గంగమ్మ తల్లికి మొక్కుకుంటా రాసాను" అన్నాను. "రేపీ బండి కదలకుండా సెయ్యి తల్లీ అని మొక్కినాను."

మా ఆయన పట్టు వదిలేశాడు. ఆటో డ్రైవరు ఒక్కడే బరువు మోయలేక బండిని మెల్లగా నేలకు జార్చాడు.

"కదిలింది గదమ్మా" అన్నాడు మావాడు. "ఆగనేదు, అంతే."

లోపలికి వెళ్లిపోయాడు.

*

మా ఆయనకు క్షమించమని అడగడం చేతకాదు. ఎర్ర బండి తాళం చెవి ఆ పిల్లకు తిరిగి ఇచ్చి, దాంతోపాటు ఎండు నెత్తళ్లు పెద్ద పొట్లం కట్టి హ్యాండిలుకు తగిలించాడు. "మీ అమ్మకియ్యి" అన్నాడు. స్టీలుప్లాంటు దాకా ఆ వాసనతో ఎలా వెళ్లిందో ఏమో. ఆ తర్వాత ఇంద్రజ రెండు మూడుసార్లు వచ్చింది. బిళ్లను మందుతో కడిగింది, కొత్త పలకలు వేసింది. వచ్చినప్పుడల్లా "బాగున్నారా ఆంటీ" అని అడిగేది. ఆ పలకరింపుకు బదులు చెప్పడం కంటే తిట్లు పడడం తేలిక.

మావాడు మాత్రం నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు. మందులిస్తే మింగేవాడు. కావాల్సిందేదైనా ఉంటే తండ్రికి చెప్పేవాడు. మా షెడ్డుకు ఏనాడూ తాళం లేదు. వాడు ఒంటిచేత్తో తంటాలుపడి గడియ బిగించి, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. లంగరు కావాలన్నా తండ్రి వెళ్లి వాడిని అడగాలి. నేను ఆ తాళం ముందు నుంచే రోజుకు పదిసార్లు నీళ్లకు వెళ్లేదాన్ని.

జూన్ నడిమిలో వేట మొదలైంది. మా ఆయన సముద్రం మీదకు పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. రెండు పళ్లేలు, మాటలు లేవు. భుజం అతుక్కుందని, జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పాడు. జాగ్రత్తగా ఉండడం అంటే వాడికి ఏమర్థమైందో గానీ, ఆ నెల ఆఖరి ఆదివారం పొద్దున్నే సందులోకి లగేజీ ఆటో వచ్చింది.

నేను వద్దనలేదు. అనే హక్కు పోగొట్టుకున్నాను. ఎండు చేపల బుట్ట ముందు కూర్చుని, తాళం తీసిన చప్పుడూ, బండి దొర్లించిన చప్పుడూ, డ్రైవరు "ఇటు, ఇటు" అనడమూ విన్నాను. ఆటో ఇంజను మొదలైంది. ఇక పోతుంది అనుకున్నాను.

వాడు వచ్చి బుట్ట ముందు నిలబడ్డాడు.

"ఇక్కడుండి ఏటి సేత్తావు? అంబులెన్సులెటెల్తన్నాయో ఇనుకుంటా సస్తావు. అక్కడికొచ్చి సద్దువుగాని, రా."

నెలన్నర తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. బుట్టను పక్క గుమ్మంలో ఉన్న అసిరమ్మ ముందుకు తోసి, కట్టుకున్న చీరతోనే లేచాను.

ఆటోలో బండి నిలబెట్టి ఉంది, రెండు పక్కలా తాళ్లు. ఎక్కబోతుంటే వాడు ఆపాడు.

"సేతులు కడుక్కున్నావా?"

చిన్నపిల్లలా రెండు అరచేతులూ చూపించాను. చాలదనిపించిందో ఏమో, సబ్బు తెచ్చి ఇచ్చాడు. కుళాయి దగ్గర రెండుసార్లు కడుక్కుని వచ్చి బండి పక్కన ఎక్కాను. వాడు నా కుడిచేతిని తీసుకుని హ్యాండిలు మీద పెట్టాడు. వేళ్లను ఒక సన్నటి ఇనప పిడి మీద మూశాడు.

"ఇది ముందు బ్రేకు. తాళ్లకి బిగువు సాల్లేదు, నా సేతికింకా అంత బలం నేదు. గట్టిగా పట్టుకో. ఒదిలితే బండి ఎనక్కొచ్చేత్తాది."

చెప్పేసి ముందుకు వెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఎండాడ దాటేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. గతుకు వచ్చినప్పుడల్లా బండి బరువంతా నా అరచేతిలోకి వచ్చి ఆగేది. మధురవాడ దగ్గర అంబులెన్సు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. అది ఎటు పోయిందో చూడలేదు. చెయ్యి మార్చుకోలేదు, చెంగుతో చెమట తుడుచుకోలేదు. ఆనందపురం కూడలి వచ్చింది, పోయింది.

ట్రాకు గేటు దగ్గర ఆటో ఆగింది. వాడు వెనక్కి వచ్చి, "ఇంకొదిలీ అమ్మా" అన్నాడు.

వదలాలనే చూశాను. వేళ్లు రాలేదు. వాడే ఒక్కొక్కటిగా విప్పాడు.